పండిందెవరు తిన్నరు?

చిత్రకళ గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. బడిలో డ్రాయింగు పీరియడులో మామిడిపిందె, రెండు కొండల నడుమ సూర్యుడు తప్ప మూడో బొమ్మ గీసినవాణ్ణి కాను. నేను బి.ఎస్సీ. విద్యార్థిని. మాది కమ్మర్‌పల్లి. పసుపు పండించే ఇల్లు. సావనీరు సంపాదకుడు నన్ను సైన్సు మీద నాలుగు పేజీలు రాయమన్నాడు. నేను మాత్రం మన సెమినార్ హాల్లో మూడు రోజులు జరిగిన బొమ్మల ప్రదర్శన గురించి రాస్తానన్నాను. అతను నవ్వి, "దాన్ని వద్దన్నది నువ్వే కదా?" అన్నాడు.

నిజమే. వద్దన్నది నేనే. ఈ వ్యాసం ఒక రకంగా ఆ తప్పు ఒప్పుకోవడమే.

సంఘం సమావేశంలో ఆర్ట్స్ గ్రూపు మిత్రులు "ప్రపంచ రాజకీయ చిత్రకళ" అని ఒక ప్రదర్శన ప్రతిపాదించినప్పుడు నేను లేచి మాట్లాడాను. రాజకీయ చిత్రమంటే రంగులద్దిన నినాదమే కదా, నినాదాలకు మన గోడలేం తక్కువ, ఆ డబ్బుతో బాటనీ ల్యాబులో మూలపడిన మైక్రోస్కోపులు బాగు చేయించుకుందామన్నాను. సైన్సు విద్యార్థులు బల్లలు చరిచారు. ఓట్లు మాత్రం చాలలేదు. ఓడిపోయిన కోపంలో మొదటి రోజు ఆ హాలు వైపు కూడా చూడలేదు.

రెండో రోజు మా నాయిన వచ్చాడు.

మార్కెట్లో పసుపు అమ్ముకోవడానికి తెల్లవారుజామునే వచ్చాడట. కొమ్ము, మండ వేరు చేసి కుప్పలు పోశాడు. ఖరీదుదారు ఒకడు కొమ్ము విరిచి చూసి, లోపల పచ్చి ఉందని రేటు కోసేశాడు. ఇరవై రోజులు ఎండబెట్టిన పసుపులో పచ్చి ఎక్కడిది? కాని ట్రాక్టరు కిరాయి కట్టి తెచ్చిన సరుకును మళ్ళీ ఇంటికి మోసుకుపోయేవాడెవడు? ఇచ్చిన రేటుకే ఇచ్చేసి, బస్సుకు ఇంకా సమయముందని నన్ను చూడడానికి కాలేజీకొచ్చాడు. చేతుల నిండా పసుపు, అంగీ భుజాల మీద పసుపు, మీసాల మీద కూడా పసుపు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి: ఆయన్ను మా క్లాసు ముందు నిలబెట్టడం ఇష్టం లేక, ఆ వేళ ఎవరూ ఉండరని సెమినార్ హాల్లోకి తీసుకుపోయాను. నేను ప్రదర్శన చూసిన కారణం అది. కళాభిమానం కాదు.

హాల్లో ఉన్నవి అసలు చిత్రాలు కావు, రంగుల ప్రింట్లు. నలభై దాకా ఉంటాయి. ఒక గోడకు స్పెయిను: నెపోలియన్ సైనికులు తుపాకులెత్తిన ఎదుట తెల్ల చొక్కా మనిషి రెండు చేతులు చాచి నిలబడ్డ గోయా చిత్రం, బాంబులు పడిన ఊరిని పికాసో 1937లో వేసిన గుయెర్నికా. మరో గోడకు బెంగాలు. ఇంకో గోడకు మన తెలుగువాళ్ళు. అన్నిటికంటే పొడవైన గోడ మాత్రం ఐర్లాండుది. ఏడెనిమిది వందల ఏళ్ళు ఇంగ్లండు నీడలో బతికిన చిన్న దేశం కనుక, అక్కడ రాజకీయం అంటని చిత్రకారుడే తక్కువని కింద చీటీలో రాసి ఉంది. 1921లో దక్షిణాది గెరిల్లా యోధులను ఎదురుగా కూచోబెట్టుకుని షాన్ కీటింగ్ గీసిన చిత్రం ఉంది. ఉత్తర ఐర్లాండు వీధుల్లోకి సైన్యం దిగిన మరుసటి ఏడు, 1970లో, రాబర్ట్ బల్లా అనే యువకుడు గోయా చిత్రాన్నే మళ్ళీ తీసుకుని చదును రంగుల్లో వేసినది ఉంది. నాకవి ఒక్కటీ పట్టలేదు. నాయిన మాత్రం ఒక ప్రింటు ముందర ఆగిపోయాడు.

అది డేనియల్ మక్డోనల్డ్ అనే కార్కు నగరపు చిత్రకారుడు 1847లో వేసినది. పేరు కొంచెం పొడుగు: తమ నిల్వకు తెగులు తగిలిందని కనుక్కుంటున్న ఒక ఐరిష్ రైతు కుటుంబం. ఆలుగడ్డలు దాచుకున్న గుంటను తెరిచారు. లోపల అంతా కుళ్ళు. చుట్టూ ఇంటిల్లిపాదీ, ముసలివాళ్ళ నుంచి పిల్లల దాకా. పైన మబ్బు పట్టిన ఆకాశం. ఐర్లాండు మహాకరువు నడుస్తున్న కాలంలోనే ఆ తెగులును చూపిస్తూ వేసిన నూనెరంగుల చిత్రం తెలిసినంతలో ఇదొక్కటేనట.

నాయిన దగ్గరికి జరిగి చూశాడు. ప్రింటును చేత్తో తాకబోయి, చేతికున్న పసుపు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"ఇది దుంపకుళ్ళు గదరా."

"పసుపు కాదు నాయినా, ఆలుగడ్డ. ఐర్లాండు అని, ఇంగ్లండు పక్కన దేశం."

"ఏ దేశమైతేంది, కుళ్ళు కుళ్ళే. గా ముసలాయన మొఖం జూడు. గుంత తవ్వకముందే ఎరుకైతది. వాసనొస్తది."

ఆయన ఎందుకలా అంటున్నాడో నాకు తెలుసు. మొన్నటి వానకాలం మా మూడెకరాల్లో ఎకరంన్నర అలాగే పోయింది. ఎడతెగని వానలు, మడుల్లో నిలిచిన నీళ్ళు. ఆకులు అంచుల నుంచి పచ్చబడ్డాయి. మొక్కను పట్టి లాగితే కాండం ఊడి చేతికొచ్చింది. దుంప మెత్తబడి నీరు కారింది. మందు పోశాం, కాలువలు తీశాం, పోయింది పోనే పోయింది. అప్పుడు సెలవులకింటికి వెళ్ళిన నన్ను నాయిన ఒకే మాట అడిగాడు: "మీ పుస్తకంల గిది లేదా?" ఉంది. పిథియం అని ఉంది. పరీక్షలో వచ్చింది. బొమ్మ వేసి, భాగాలు గుర్తించి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు.

నాయిన ఆ ప్రింటును వదల్లేదు.

"భూమి వాళ్ళదేనా?"

"కాదు. చాలామంది కౌలుదార్లు. భూములు దొరలవి. ఆ దొరల్ల శానమంది ఇంగ్లండులనే ఉండేటోళ్ళు."

"పంట పోయినంక కౌలు మాఫ్ జేసిన్రా?"

"లేదు. కట్టలేనోళ్ళను ఇండ్లు కూలగొట్టి ఎళ్ళగొట్టిండ్రు."

ఆయన కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఈ వ్యాసానికి పేరైన మాట అడిగాడు.

"దేశమంత ఆలుగడ్డే ఏసిండ్రా? ఇంకేం పండలేదా? పండిందెవరు తిన్నరు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మిత్రులారా, రెండో సంవత్సరం నుంచి నేను ఆ తెగులును చదువుతున్నాను. ఆలుగడ్డ లేట్ బ్లైట్. కారకం ఫైటాఫ్తోరా ఇన్ఫెస్టాన్స్. ఆ పేరుకు అర్థమే మొక్కలను నాశనం చేసేది అని. శిలీంధ్రంలా కనబడుతుంది గాని అసలు శిలీంధ్రం కాదు. కణకవచంలో సెల్యులోజు ఉంటుంది. మన పసుపును కుళ్ళబెట్టే పిథియం దానికి దాయాది, రెండూ ఊమైసీట్స్ అనే ఒకే గుంపు. మేం పసుపుకు పోసే మెటలాక్సిల్ మందే ఆలుగడ్డకూ కొడతారు. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. "1845లో ఈ తెగులు వల్ల ఐర్లాండులో కరువు వచ్చి పది లక్షల మంది చనిపోయారు" అనే వాక్యం కూడా నోటికి వచ్చు. ఆ వాక్యంలో 'వల్ల' అనే మాట దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. చదువు అంతంత మాత్రంగా వచ్చిన నాయిన బొమ్మ చూసిన పది నిమిషాల్లో ఆగాడు.

ఆ రాత్రి హాస్టల్లో కూచుని వెతికి చదివాను. ఆ తెగులు ఐర్లాండులో కనబడింది 1845 సెప్టెంబరులో. అప్పటికి అక్కడి జనాభా ఎనభై లక్షల పైచిలుకు. 1851 లెక్కల నాటికి అరవై అయిదు లక్షలు. పది లక్షల మంది చనిపోగా, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఆలుగడ్డ పేదవాడి తిండి. అదే భూమిలో ఓట్స్, గోధుమ, బార్లీ పండాయి. పశువులూ వెన్నా ఉన్నాయి. అవి కౌలు కట్టడానికి అమ్మేవి, తినేవి కావు. కరువు నడుస్తుండగానే అవి రేవులు దాటి ఇంగ్లండుకు పోయాయి. అన్యాయం కాకుండా ఇంకో మాట కూడా చెప్పాలి: అమెరికా మొక్కజొన్న దిగుమతి అయింది, 1847లో పోయిన ధాన్యం కన్నా వచ్చిందే ఎక్కువని చరిత్రకారులు లెక్క తేల్చారు. అయితేనేం? వచ్చినదాన్ని కొనడానికి చేతిలో పైసా ఉండాలి కదా. కరువు సాయం వ్యవహారమంతా చూసిన లండను ఖజానా అధికారి పేరు చార్లెస్ ట్రెవెల్యన్. ఆ కరువులో ఆయనకు దేవుడి సంకల్పం కనబడింది. ప్రభుత్వం అతిగా జోక్యం చేసుకోకూడదన్నది ఆయన వాదం. ఈ పెద్దమనిషే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే అప్పటి కోస్తా జిల్లాల, రాయలసీమ జిల్లాల తెలుగు రైతులకు కూడా కొద్దికాలం ఆయనే ఏలిక. లోకం మనమనుకున్నంత పెద్దది కాదు.

అదే హాల్లో ఎదురు గోడకు బెంగాలు. చిత్తప్రసాద్ భట్టాచార్య నల్లసిరాతో గీసిన ఎముకల గూళ్ళు. 1943 నవంబరులో మిడ్నపూరు జిల్లా ఊళ్ళు తిరిగి, చూసింది చూసినట్టు గీసి, రాసి 'హంగ్రీ బెంగాల్' అని పుస్తకం వేశాడు. అయిదు వేల ప్రతులు అచ్చయితే బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ఇక్కడ కూడా మా పాఠ్యపుస్తకానికి ఒక తెగులు సిద్ధంగా ఉంది: వరిలో గోధుమరంగు మచ్చ తెగులు, కారకం హెల్మింతోస్పోరియం ఒరైజే. "దీని వల్ల 1943లో బెంగాలు కరువు వచ్చింది." మళ్ళీ 'వల్ల'. తెగులు వచ్చిన మాట నిజం, తుఫాను వచ్చిన మాటా నిజం. కాని అమర్త్య సేన్ 1981లో వేసిన పుస్తకంలో లెక్కలు తీసి చూపించాడు: 1943లో బెంగాల్లో ఉన్న బియ్యం 1941లో ఉన్నదానికంటే ఎక్కువే. కరువు రాని ఏటికన్నా కరువొచ్చిన ఏడు బియ్యం ఎక్కువ! యుద్ధపు ఖర్చుతో ధరలు పెరిగి, కూలివాడి చేతికి అందకుండా పోయింది. ముప్ఫై లక్షల మంది పోయారని అంచనా. ఆ మచ్చ ఒరిస్సా, బెంగాలు వరి ఆకుల మీద ఎంత పొడుగు ఉంటుందో మిల్లీమీటర్లలో చెప్పే నా పుస్తకం, బియ్యం ఎవరి గోదాములో ఉందో చెప్పదు. చిత్తప్రసాద్ బొమ్మ చెబుతుంది.

నేను సైన్సును తక్కువ చేస్తున్నానని మా బాటనీ లెక్చరర్లు అనుకోకూడదని మనవి. పిథియం లేకుంటే దుంప కుళ్ళదు, అది నిజం. ఆ నిజం తెలుసుకోవడానికే నేనిక్కడ చదువుతున్నాను, రేపు ఆ తెగులు మీదే పని చేయాలని నా కోరిక. మా ఊళ్ళోనే పసుపు పరిశోధనా స్థానం ఉంది. దాని గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ కోరికే. నేననేది ఒక్కటే. దుంపను చంపేది తెగులు. మనిషిని చంపేది తెగులొక్కటే కాదు. మొదటి సంగతి మైక్రోస్కోపు చూపిస్తుంది. రెండోదాన్ని చూపే పరికరం మా ల్యాబులో లేదు. నేను సమావేశంలో మైక్రోస్కోపులా, బొమ్మలా అని పోటీ పెట్టాను చూశారా, అదే నా తప్పు.

"ఈ బొమ్మలు ఎవరి కడుపైనా నింపాయా?" అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. నింపలేదు. మక్డోనల్డ్ చిత్రాన్ని ఆ 1847లోనే లండనులో ప్రదర్శించారు. చూసినవారు లండను పెద్దమనుషులు. ఆ తర్వాత కూడా కరువు అయిదేళ్ళు సాగింది. చిత్తప్రసాద్ పుస్తకం బూడిదయింది. కాని నేను తిరిగి అడుగుతాను: దేనికీ పనికిరాని బొమ్మలైతే అయిదు వేల ప్రతులు వెతికి వెతికి నాశనం చేయడమెందుకు? జపాను యుద్ధం మధ్యలో ఉన్న ప్రభుత్వానికి అంత తీరిక ఎక్కడిది? ఒక ప్రతి చిత్రకారుడి ఇంటివాళ్ళ దగ్గర మిగిలింది. దాన్ని చూసే 2011లో మళ్ళీ అచ్చు వేశారు. ఆ మిగిలిన ఒక్క ప్రతి నుంచే ఈ సంవత్సరం మన సెమినార్ హాలు గోడకు ఎక్కింది. బొమ్మ అన్నం పెట్టదు. సాక్ష్యం చెబుతుంది. సాక్షి ఆలస్యంగా వచ్చినా సాక్షే.

"కళ కళ కోసమా, ప్రజల కోసమా" అన్న పాత తగాదా ప్రదర్శన మూడో రోజు చర్చలో మళ్ళీ లేచింది. మన పూర్వ విద్యార్థులు కూడా ఈ మాట మీద గొంతులు పోగొట్టుకున్నవారే అయి ఉంటారు. నాకు ఆ చర్చలో రెండు పక్షాలూ తప్పిపోయిన విషయం ఒకటి కనబడింది. బొమ్మలో ఎవరున్నారన్నది సరే, దాని ముందర ఎవరు నిలబడుతున్నారు? మక్డోనల్డ్ బొమ్మలోని మనుషులు ఆ బొమ్మ చూసి ఉండరు. నూట డెబ్బై ఏళ్ళు దాటాక, ఆ గుంట ఒడ్డున నిలబడ్డవాళ్ళ లాంటి మనిషి ఒకడు, చేతులకు పసుపుతో, దాని ముందర నిలబడి "గా ముసలాయన మొఖం జూడు" అన్నాడు. రాజకీయ చిత్రమంటే ఏమిటని ఇప్పుడు నన్నడిగితే, తనలో ఉన్నవాళ్ళు గుర్తుపట్టే చిత్రం అంటాను. జెండా ఉందా, పిడికిలి ఉందా అన్నది తర్వాతి మాట. నినాదాన్ని ఎవరైనా రాయొచ్చు. దుంప కుళ్ళిన సంగతి తవ్వకముందే తెలిసిన మొఖం గీయాలంటే, ఆ మొఖాన్ని చూసి ఉండాలి.

ఇక మన తెలుగు గోడ. పి.టి. రెడ్డి, కాపు రాజయ్య, లక్ష్మాగౌడ్, వైకుంఠం, ఏలె లక్ష్మణ్; మోహన్ గీతలు కొన్ని. నాయిన అక్కడ ఎక్కువసేపే ఉన్నాడు. కాపు రాజయ్య బతుకమ్మను చూసి సంతోషపడ్డాడు. వైకుంఠం గీసిన స్త్రీ దగ్గర ఆగాడు. పెద్ద బొట్టు, నిండైన రంగు చీర, రాణిలా కూచున్న తల్లి. చాలాసేపు చూసి అన్నాడు:

"మంచిగున్నది. మా అమ్మ లెక్కనే ఉన్నది. కని, గీయమ్మ పసుపు పూసుకున్నది గాని పసుపు తవ్వినట్టు లేదు."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. వైకుంఠం పుట్టింది మా పక్కనున్న ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో. తెలంగాణ యాసను సినిమాల్లో జోకర్లకు, రౌడీలకు పెట్టిన రోజుల్లో తెలంగాణ పల్లె మొఖాన్ని అంత ఠీవిగా నిలబెట్టడమే ఒక రాజకీయం. ఆయనే 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా పనిచేసి జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. దొర గడీలో ఆడమనిషి బతుకెలా ఉండేదో ఆయనకు తెలియక కాదు. కాబట్టి నాయిన మాటను ఆయన మీద ఆరోపణగా నేను తీసుకోను. ఒక ఖాళీగా తీసుకుంటాను. ఆ తల్లి పూసుకున్న పసుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు తవ్వారు, ఎవరు ఉడకబెట్టారు, ఎంతకు పోయింది? ఆ బొమ్మ నాకా గోడ మీద కనబడలేదు.

కాని జీవితంలో నేను చూసిన అన్నిటికన్నా పెద్ద రాజకీయ చిత్రాల వరుస మా ఊళ్ళోనే చూశాను. 2019 ఏప్రిల్ 11. నేనప్పుడు ఎనిమిదో తరగతి. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ మద్దతు ధర కావాలి అని రోడ్లెక్కి అలసిపోయిన రైతులు చివరికి నామినేషన్లు వేశారు. నిజామాబాదు పార్లమెంటు స్థానానికి మొత్తం 185 మంది అభ్యర్థులు. అందులో 170 మందికి పైగా రైతులే. డిపాజిటు ఇరవై అయిదు వేలు. మా పెదనాయిన కూడా వారిలో ఒకడు. వాడకట్టంతా తలా కొంత వేసి కట్టింది. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండు ఓటింగు యంత్రాలు వరసగా పెట్టారు. మా నాయినమ్మ ఓటేసి వచ్చి, "బొమ్మల దుకాణం లెక్కనే ఉన్నదిరా" అన్నది. బయట అతికించిన జాబితాలో నేనూ చూశాను: ఇంట్లో సామాన్లు, కూరగాయలు, పనిముట్లు, ఒక్కో బొమ్మ వెనక ఒక్కో రైతు. మన దేశంలో చదువు రాని ఓటరు కోసం మొదటి ఎన్నికల నుంచే గుర్తులు పెట్టారు. వాటిలో చాలావాటిని ఎం.ఎస్. సేథీ అనే ఎన్నికల సంఘపు డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీశాడు. ఏ గ్యాలరీలోనూ లేకుండా దేశమంతా చూసిన చిత్రకారుడాయన. మా పెదనాయినకు ఆ జాబితాలో ఎందుకూ కొరగాని ఒక వస్తువు గుర్తుగా వచ్చింది. నేను మాత్రం పసుపు కొమ్ము కోసం వెతికాను. కనబడలేదు.

ఆ రైతులెవరూ గెలవలేదు. గెలుస్తామని నిలబడలేదు కూడా. దేశం తమ వైపు ఒకసారి తిరిగి చూడాలని నిలబడ్డారు. చూసింది. 2023 అక్టోబరు 1న బోర్డు ప్రకటన వచ్చింది. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది. అదే ఏడు జూన్ 29న నిజామాబాదులో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు. సంతోషం. అయితే కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. మా వాడకట్టులో ఇప్పటికీ ఇంటికొకడు దుబాయిలోనో మస్కట్టులోనో ఉన్నాడు. ఐర్లాండువాళ్ళు ఓడల్లో పోయారు, మావాళ్ళు విమానాల్లో పోతున్నారు.

ప్రదర్శనలో నాకు చివరికి నచ్చిన బొమ్మ ఐర్లాండు గోడ మీదే ఉంది. అది ఫోటో. ఉత్తర ఐర్లాండులో డెర్రీ అనే పట్టణం. 1972 జనవరి 30న పౌరహక్కుల ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపి పదముగ్గురిని అక్కడికక్కడే చంపిన చోటు. ఆ వీధిలో పెద్ద పెద్ద ఇళ్ళ గోడల మీద ముగ్గురు స్థానిక చిత్రకారులు, ఇద్దరు అన్నదమ్ములూ ఒక స్నేహితుడూ, తమ వాడ చరిత్రను వేశారు. అందులో ఒక గోడ మీద బడి దుస్తుల్లో పద్నాలుగేళ్ళ అమ్మాయి. పేరు అనెట్ మెక్‌గావిగన్. 1971లో తుపాకి గుండుకు చనిపోయింది. పక్కన ఒక తుపాకి, పైన ఒక సీతాకోకచిలుక. మొదట వేసినప్పుడు ఆ సీతాకోకచిలుకకు రంగులు పూర్తి చేయలేదు. శాంతి నిలబడుతుందన్న నమ్మకం చిక్కాక, 2006లో వచ్చి దానికి రంగులద్దారు, తుపాకిని విరిగినట్టు మార్చారు. అన్నేళ్ళూ ఆ వీధిన పోయే ప్రతివాడికీ ఆ రంగులేని చోటు కనబడుతూనే ఉంది. గ్యాలరీ కాదు, టికెట్టు లేదు. పాలు తెచ్చుకునేవాడు, బడికి పోయేవాడు చూసే గోడ.

అందుకే సంఘానికి, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నా విన్నపం ఇది. మన కాలేజీకి రోడ్డు వైపు పొడుగాటి కాంపౌండు గోడ ఉంది. సీజనులో పసుపు బస్తాల ట్రాక్టర్లు ఆ గోడ పక్క నుంచే మార్కెట్టుకు పోతాయి. ఆ గోడ మీద పసుపు పంట కథ వేద్దాం. మృగశిరలో దుంప నాటడం నుంచి, తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం, డ్రమ్ములో పాలిష్ చేయడం, మార్కెట్టులో కుప్ప పోయడం దాకా. దుంపకుళ్ళు కూడా వేద్దాం; ఆ భాగం మేం సైన్సువాళ్ళం దగ్గరుండి సరిచూస్తాం. గీసేవాళ్ళు ఆర్ట్స్ మిత్రులు. ఎలా గీయాలో చెప్పేవాళ్ళు తవ్వినవాళ్ళు, ముఖ్యంగా తవ్విన ఆడవాళ్ళు. చివర కుప్ప పక్కన ధర రాసే పలక ఒకటి వేసి, దాన్ని ఖాళీగా వదిలేద్దాం. రైతు తన ధర తాను చెప్పగలిగిన రోజున దాన్ని నింపుదాం. అందాకా ఆ ఖాళీని దారినపోయే అందరూ చూడనీ.

ఒక ఆచరణ సంగతి. పసుపుతోనే రంగు వేద్దామని ఎవరో అంటారు, నాకు తెలుసు. వద్దు. కుర్కుమిన్ ఎండకు నిలవదు, రెండు నెలల్లో వెలిసిపోతుంది. మంచి రంగులే కొనాలి. ఈసారి డబ్బు తీర్మానానికి నా ఓటు ముందే ఇస్తున్నాను. మైక్రోస్కోపుల సంగతి కూడా మరచిపోవద్దు.

ఆ రోజు బయటికొస్తుంటే తలుపు దగ్గర అభిప్రాయాల పుస్తకం ఉంది. నాయినను రాయమన్నాను. "నేనేం రాస్తరా" అని మొదట జంకాడు. తర్వాత కుర్చీలో కూచుని, పెన్ను గట్టిగా పట్టుకుని, రెండు లైన్లు రాయడానికి అయిదు నిమిషాలు తీసుకున్నాడు. పేజీ అంచున పసుపు వేలిముద్ర పడింది. నమ్మకం లేనివారు సంఘం ఆఫీసులో ఆ పుస్తకం తెరిచి చూడవచ్చు. "దుంప బాగ ఏసిండ్రు. మా తాన గూడ గిట్లనే అయితది" అని ఉంటుంది. కింద పేరు రాయలేదు. రైతు, కమ్మర్‌పల్లి అని రాశాడు.

తర్వాత ఆయన్ను మా క్లాసు ముందర నుంచే బస్‌స్టాపుకు తీసుకుపోయాను.